లారీ ఆఫీసు పేరున్న సీడీ

అట్ట మీద పేరు చదివి గుంటూరు అన్నగారు అన్న మొదటి మాట: "ఇదేమిటి తమ్ముడూ, లారీ ఆఫీసు పేరులా ఉంది!"

నిజమే. 'ట్రాన్స్‌పోర్ట్' అనగానే మనకు విజయవాడ ఆటోనగర్‌లో పాత టైర్ల పక్కన బల్ల వేసుకుని బిల్లులు రాస్తున్న గుమాస్తా గుర్తుకు రావడం సహజం. కానీ అది పాల్ ఓకెన్‌ఫోల్డ్ అనే లండన్ డీజే ఇతరుల పాటలను వరుసగా కలిపి చేసిన మిక్స్ ఆల్బం. 1998లో అమెరికాలో కైనెటిక్ రికార్డ్స్ వాళ్లు విడుదల చేశారు. స్పెల్లింగును కాస్త అటూ ఇటూ చేసి, రవాణా అనే మాటలో 'ట్రాన్స్' అనే సంగీతం పేరును దూర్చారు. ట్రాన్స్ అంటే మన భాషలో పూనకం. "పూనకాల రవాణా అన్నమాట" అని నేను వివరించబోతే ఆయన ఇంకా గట్టిగా నవ్వారు.

అది 1999 వేసవి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రెండు పడక గదుల ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. నలుగురిదీ ఒకటే పని, వైటుకే. ఇప్పటి పిల్లలకు ఆ మాట చెబితే ఏదో మందు పేరనుకుంటారు. కోబాల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండంకెల్లోనే దాచేవారు. 99 తర్వాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుందని ప్రపంచమంతా భయం. ఆ భయమే ఏలూరు నుంచి హైదరాబాదు, హైదరాబాదు నుంచి అమెరికా నన్ను మోసుకొచ్చింది. పగలంతా పెద్ద యంత్రం అసలు లావాదేవీలతో తీరిక లేకుండా ఉండేది కాబట్టి మా పరీక్షలకు రాత్రులే మిగిలేవి. సాయంత్రం ఏడున్నరకు బయలుదేరి, ఎనిమిది దాటాక జెర్సీ సిటీలో ఆఫీసు చేరి, తెల్లవారుజామున నాలుగింటికి తిరుగుముఖం పట్టేవాళ్లం. అన్నగారిదీ నాదీ ఒకే భవనం, ఒకే వేళ. కారు నాది, పెట్రోలు సగం ఆయనది. దాంతో నేను ఏది వింటే అది వినక ఆయనకు తప్పేది కాదు.

సీడీ ఇచ్చింది మా యంత్రశాలలో రాత్రి ఆపరేటరు. లివర్‌పూల్ నుంచి వచ్చి స్థిరపడ్డాడు. నలభై దాటిన మనిషి, మితభాషి. టేపులు మార్చేటప్పుడు మాత్రం భుజాలు ఒక లయలో కదిలేవి. ఏమిటి వింటున్నావని ఒకరోజు అడిగితే హెడ్‌ఫోను తీసి నా చెవికి పెట్టాడు. వాళ్ల ఊళ్లో క్రీమ్ అనే క్లబ్బు ఉండేదని, 1997 నుంచి అక్కడ ఓకెన్‌ఫోల్డ్ ఆస్థాన డీజే అని, సెలవుకు వెళ్లినప్పుడల్లా వరుసలో నిలబడి లోపలికి వెళ్లేవాడినని చెప్పాడు. చివర్లో, "అయినా నీకు నేను చెప్పేదేమిటి? ఇదంతా మీ దేశం నుంచి వచ్చిందే కదా" అన్నాడు.

నాకు బోధపడలేదు. గోవా అన్నాడు. నేను గోవా చూడలేదు. మా వైపు నుంచి తిరుపతికి వెళ్తారు, మహా అయితే ఊటీకి. అంజునా సముద్రతీరంలో వెన్నెల రాత్రుల్లో విదేశీయులు తెల్లవార్లూ ఆడేవారన్న సంగతీ, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన గోవా గిల్ అనే డీజే సంగతీ ఒక భారతీయుడు లివర్‌పూల్ మనిషి నోట, న్యూజెర్సీలో, రాత్రి రెండు గంటలకు తెలుసుకోవలసి వచ్చింది. గోవా ఎండకు వినైల్ రికార్డులు వంకరపోతాయని అక్కడివాళ్లు డ్యాట్ అనే డిజిటల్ టేపులు వాడేవారట. టేపు వేగాన్ని చేత్తో అటూ ఇటూ సర్దడం కుదరదు. అందుకని ఒక పాట తాళాన్ని మరో పాట తాళంతో అతికించే ప్రయత్నం మానేసి, ఒకటి మెల్లగా చల్లారాక మరొకటి మొదలుపెట్టేవారు. ఓకెన్‌ఫోల్డ్ ఆ గోవా ధోరణిని ఇంగ్లండుకు పట్టుకెళ్లి, 1994 డిసెంబరులో బీబీసీ రేడియో 1లో రెండు గంటల మిక్స్ వాయించాడు. ట్రాన్స్ అభిమానులు దాన్ని ఇప్పటికీ 'గోవా మిక్స్' అంటారు. అందులో బ్లేడ్ రన్నర్ సినిమాకు వాంజెలిస్ చేసిన సంగీతం కూడా దూరింది. 'ట్రాన్స్‌పోర్ట్' నాటికి ఆ గోవా కారం చాలావరకు తగ్గిపోయి, ఐరోపా తీపి ఎక్కువైంది. ఈ తేడా అప్పట్లో నాకు తెలియదు. మూడు నాలుగేళ్లు విన్నాక పట్టుబడింది.

మొదటిసారి విన్నది మాత్రం కారులోనే. 1991 క్యామ్రీ, అందులో క్యాసెట్ ప్లేయరే తప్ప సీడీ లేదు. డిస్క్‌మన్ అనే చేతి సీడీ ప్లేయరుకు ఒక తీగ, ఆ తీగ చివర ఉత్తుత్తి క్యాసెట్. దాన్ని కారులో క్యాసెట్ పెట్టే చోట తోస్తే పాట వచ్చేది. రోడ్డు మీద గుంత తగిలితే డిస్క్‌మన్ ఉలిక్కిపడేది. అందుకని దాన్ని ఒడిలో తువ్వాలు మడిచి, దాని మీద పెట్టుకుని కూర్చునే బాధ్యత అన్నగారిది. పాట నచ్చకపోయినా, పసిబిడ్డను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని కూర్చున్నారు పాపం ఆరు నెలలు.

ఆయన కష్టం నాకు అర్థమయ్యేది. ఘంటసాల పాటకు అలవాటుపడిన చెవి పల్లవి కోసం వెతుకుతుంది. రెండు నిమిషాలు ఢమ్ ఢమ్ తప్ప ఏమీ లేదు. "పల్లవి ఎప్పుడొస్తుంది?" అని అడిగారు. "రాదండీ" అన్నాను. "చరణమైనా?" అదీ రాదు. అయిదారు నిమిషాలు గడిచాక, "ఇంత పొడుగు పాటా?" అన్నారు. అప్పుడు డిస్క్‌మన్ తెర మీద చూస్తే అంకె 2 అని ఉంది. పాట మారిపోయింది. ఇద్దరికీ తెలియలేదు.

నాకు ఈ సంగీతం పిచ్చి పట్టింది సరిగ్గా ఆ క్షణంలో. మొదటి పాట డ్రీమ్ ట్రావెలర్ వారి 'టైమ్', రెండోది త్రీ డ్రైవ్స్ అనే డచ్చి జంట చేసిన 'గ్రీస్ 2000'. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మరునాడు మళ్లీ. ఎక్కడ మారింది? మొదటిది ఇంకా పూర్తిగా పోలేదు, రెండోది ఇంకా పూర్తిగా రాలేదు. రెండూ ఒకే అడుగు వేస్తూ కొంత దూరం కలిసి నడిచి, మొదటిది చెప్పకుండా తప్పుకుంటుంది. బడిలో నేర్చుకున్న ఉత్వ సంధి గుర్తొచ్చింది. 'రాముడు', 'అతడు' కలిస్తే 'రాముడతడు'. మధ్యలో 'ఉ' ఏమైందో ఎవరూ చూడలేదు, కానీ మాట సాఫీగా నోట్లోంచి జారింది. "సంధి అండీ ఇది" అన్నాను ఉత్సాహంగా. ఆయనకు తట్టిన సంధి వేరు. "అవును, జ్వరం తలకెక్కినప్పుడు వస్తుంది. ఊగుతున్నావు కూడా" అన్నారు.

ఆ సంధి ఎలా కుదురుతుందో తర్వాత ఆపరేటరు చెప్పాడు. రెండు టర్న్‌టేబుళ్లు, మధ్యలో మిక్సరు. అప్పట్లో క్లబ్బుల్లో టెక్నిక్స్ 1200 రకమే రాజ్యమేలేది. దాని పక్కన ఒక జరుపుడు మీట ఉంటుంది, రికార్డు వేగాన్ని ఎనిమిది శాతం దాకా పెంచవచ్చు, తగ్గించవచ్చు. డీజే ఒక చెవితో హాలులో మోగుతున్న పాట వింటాడు, రెండో చెవికి హెడ్‌ఫోను ఆనించి రాబోయే పాట వింటాడు. రెండు తాళాలూ ఒక్కటయ్యేదాకా మీట సర్దుతాడు. ఆ తర్వాత పాత పాటలో మంద్ర స్వరాలు తగ్గిస్తూ కొత్త పాటవి పెంచుతాడు. రెండు పాటల అడుగు స్వరాలూ ఒకేసారి మోగితే బురదలా ఉంటుందట. మాకు అంత విసుగు పుట్టించిన ఢమ్ ఢమ్ నిమిషాలు కూడా అందుకేనట. పాట మొదట్లోనూ చివర్లోనూ వట్టి తాళం ఉంచుతారు, డీజే అతుకు వేసుకోవడానికి. దర్జీ కుట్లలోకి పోతుందని ముందే వదిలే గుడ్డలాంటిది. ఆ కాలంలో వచ్చిన మిక్స్ ఆల్బంలలో కొన్నింటికి అతుకులు స్టూడియోలో కంప్యూటర్ మీద వేసేవారని కూడా చెప్పాడు. నాకు ఆ పట్టింపు లేదు. మిషను మీద కుట్టినా చేత్తో కుట్టినా చొక్కా వేసుకుంటే సరిపోయిందా లేదా అన్నదే చూస్తాను.

మా ప్రయాణం ముప్పై అయిదు, నలభై నిమిషాలు. ఆల్బం గంట దాటి నడుస్తుంది. అందుకని వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం అని ఒక పద్ధతి దానంతట అదే ఏర్పడిపోయింది. పదో ఎగ్జిట్ దగ్గర టోలు టికెట్టు తీసుకుని టర్న్‌పైక్ మీదకు ఎక్కాక కొన్ని మైళ్లకు ఆ మొదటి సంధి వచ్చేది. లిండెన్ దగ్గర చమురు శుద్ధి కర్మాగారం కనబడేది. పగలు చూస్తే ముక్కు మూసుకోవాలనిపించే చోటు. రాత్రి మాత్రం వేల దీపాలతో, గొట్టాల చివర మంటలతో, జాతరకు ముస్తాబైనట్టు ఉండేది. గస్ గస్ అనే ఐస్‌లాండ్ బృందం పాట 'పర్పుల్' జెర్సీ సిటీ వైపు మలుపు తిరిగే వేళకు మొదలయ్యేది. నది అవతల న్యూయార్క్ జంట సౌధాలు. అప్పటికి అవి ఉన్నాయి.

తిరుగు ప్రయాణానిది వేరే రుచి. ప్రోగ్రాములతో కుస్తీ పట్టి కళ్లు మండుతుండగా మొదట్లోనే 'కఫే డెల్ మార్' వచ్చేది. 1993లో ఎనర్జీ 52 పేరుతో జర్మనీలో చేసిన పాట. స్పెయిన్‌లోని ఇబీసా దీవిలో సూర్యాస్తమయం చూడటానికి జనం చేరే ఒక బారు పేరు పెట్టారు. ఆల్బంలో ఉన్నది త్రీ ఎన్ వన్ చేసిన రీమిక్సు. అందులోని ప్రధాన బాణీ బెల్జియం స్వరకర్త విమ్ మెర్టెన్స్ రచన నుంచి పుట్టింది. ఈ పాటలో ఒకచోట తాళమంతా ఆగిపోతుంది. ట్రాన్స్ పాటల్లో దాదాపు అన్నింటిలోనూ ఆ ఘట్టం ఉంటుంది, బ్రేక్‌డౌన్ అంటారు. ఇంతసేపూ కాళ్ల కింద నేలలా ఉన్న ఢమ్ ఢమ్ మాయమై బాణీ ఒక్కటే గాలిలో తేలుతుంది. ఆ తర్వాత చిన్న డ్రమ్ము మెల్లగా మొదలై, దరువు మీద దరువు దట్టించి, మృదంగం వాళ్ల తీర్మానంలా ఊరించి ఊరించి, మళ్లీ నేలను తెచ్చి కాళ్ల కింద పెడుతుంది. మా ఊళ్లో అమ్మవారి జాతరలో డప్పులవాళ్లు చేసేది దీనికి పెద్ద దూరం కాదు. వాళ్లు కూడా పూనకం వచ్చే ముందు ఒక్క క్షణం ఆపుతారు. ఆపడంలోనే ఉంది కిటుకంతా.

'ఎల్ నీన్యో' అనే పాట కూడా ఉంది అందులో, ఉత్తర ఐర్లాండ్ జంట అగ్నెల్లీ అండ్ నెల్సన్‌ది. ఆ మాట వినగానే అన్నగారు తువ్వాలు మీద నుంచి తలెత్తారు. ఆయనకు అది వానలను ఎగ్గొట్టే గాలిగానే తెలుసు. మిరప తోట ఎండిపోయిన ఇంటివాడు. "దాని మీద కూడా పాట కట్టారా, దుర్మార్గులు" అన్నారు. ఆ ఒక్క పాటను ఆయన చివరిదాకా క్షమించలేదు.

1999 డిసెంబరు 31 సంగతి చెప్పాలి. ఆ మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇండియాలో అర్ధరాత్రి. కాలింగ్ కార్డు గీకి, ఇరవై అంకెలు నొక్కి, ఏలూరు ఫోను పట్టుకున్నాను. "లైట్లు వెలుగుతున్నాయా?" అని అడిగితే, "ఇప్పుడే పోయి వచ్చింది, అది రోజూ పోయేదేలే" అంది అమ్మ. రాత్రి యంత్రశాలలో ముప్పై మందిమి. మంచినీళ్ల సీసాలు, టార్చిలైట్లు, కోటు వేసుకున్న పెద్దలు. పన్నెండు దాటింది. తెర మీద తేదీ 2000 జనవరి 1కి మారింది. ఏమీ కాలేదు. ఆరు నెలల చాకిరీకి ఫలితం ఏమీ కాకపోవడమే. ఆ సంతోషాన్ని ఎలా పండగ చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. పెద్దలు కోట్లు సర్దుకుని వెళ్లిపోయారు.

అప్పుడు లివర్‌పూల్ మనిషి తన బల్ల మీది చిన్న స్పీకర్లకు సీడీ తగిలించి, బైనరీ ఫైనరీ బృందం పాట పెట్టాడు. దాని పేరు '1998'. పాల్ వాన్ డైక్ రీమిక్సు. తూర్పు జర్మనీలో పెరిగి, గోడ అవతలి పశ్చిమ బెర్లిన్ రేడియోలో వచ్చే పాటలు చాటుగా విని సంగీతం నేర్చుకున్న మనిషి వాన్ డైక్. "2000లో కూచుని 1998 వింటున్నాం, తేదీ తప్పు" అన్నాను. అతను నవ్వి అసలు తమాషా చెప్పాడు. ఆ పాటనే మరుసటి ఏడాది కొత్త రీమిక్సులతో '1999' అని మార్చి మళ్లీ అమ్మారట. రెండంకెలను సరిచేయడానికి మేము లక్షల వాక్యాల కోబాల్ చదివి, 50 కంటే తక్కువైతే ముందు 20, లేకుంటే 19 అని నియమాలు రాసి, నిద్ర పాడు చేసుకున్నాం. వాళ్లు అట్ట మీద ఒక అంకె మార్చి పని కానిచ్చారు. నాకు తెలిసినంతలో వైటుకేకు అంతకన్నా చవకైన పరిష్కారం లేదు. అన్నగారు కూడా ఆ రాత్రి కాలితో నేల మీద తాళం వేశారు. వేయలేదని తర్వాత బుకాయించారు.

2000లో హైదరాబాదు మిత్రుడొకడికి ఈ సీడీకి నకలు పంపాలని బుద్ధి పుట్టింది. కొత్తగా కొన్న సీడీ రైటరు, గంటన్నర అవస్థ. రెండు వారాల తర్వాత అతని నుంచి ఉత్తరం: "పాటలు బాగానే ఉన్నాయి కానీ మాటిమాటికీ కరెంటు పోయినట్టు ఆగుతున్నాయేమిటి?" కారణం తెలుసుకునేసరికి సిగ్గేసింది. నకలు చేసే సాఫ్ట్‌వేరు దాని అలవాటు ప్రకారం పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల మౌనం చేర్చింది. 'డిస్క్ ఎట్ వన్స్' అనే గడిలో టిక్కు పెట్టి ఉంటే చేర్చేది కాదు. ఎంపీ3గా మార్చి చూశాను, అక్కడా అతుకు దగ్గర చిన్న లోటే. ఆ పద్ధతిలో ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కాస్త ఖాళీ చేరిపోతుంది. ఒక్కో పాట విడిగా చక్కగానే ఉంటుంది, సంధి మాత్రం విరుగుతుంది. 'రాముడు', కాసేపు ఆగి, 'అతడు'. నేను పంపించాలనుకున్నది ఏదో సరిగ్గా అది తప్ప మిగిలినదంతా హైదరాబాదు చేరింది.

ఆ తర్వాతి కథ మామూలే. ట్రాన్స్‌పోర్ట్ రెండో భాగం డేవ్ రాల్ఫ్ చేశాడు, మూడోది శాండ్రా కాలిన్స్. రెండూ కొన్నాను, రెండోది ఎవరికో ఇచ్చి మరిచిపోయాను. మూడోది ఇప్పటికీ ఇష్టమే. 2001 నాటికి ట్రాన్స్ పాటలు ఒకే అచ్చులో పోసినట్టు రావడం మొదలైంది. ప్రతి పాటకూ ఒక ఏడుపు గొంతు, ప్రతి నాలుగు నిమిషాలకూ ఒక పూనకం. రోజూ వచ్చే పూనకాన్ని ఊళ్లో కూడా ఎవరూ నమ్మరు. న్యూయార్క్‌లో ట్విలో అనే పేరున్న క్లబ్బు ఆ ఏడాది మే నెలలో మూతపడింది. మా ప్రాజెక్టులూ అలాగే మూతపడ్డాయి. అన్నగారు గుంటూరు వెళ్లిపోయారు, నేను మరుసటి ఏడాది హైదరాబాదు చేరాను. సీడీ మాత్రం ఉంది. దాని మీద టీ గ్లాసు అడుగు గుండ్రని మరక ఉంది. అది ఎవరి గ్లాసో ఇరవై అయిదేళ్లుగా తేలలేదు.

మొన్న సంక్రాంతికి అన్నగారి ఫోను. ఆయనకిప్పుడు అరవై దాటాయి. మనవరాలి అల్లరి, మోకాళ్లు, మిర్చి ధర, అన్నీ అయ్యాక, "తమ్ముడూ, ఆ కారులో పెట్టేవాడివి చూడు, లారీ ఆఫీసు సీడీ. అందులో ఒక బాణీ నాలుగు రోజులుగా నోట్లో ఆడుతోంది. ఏ పాటో చెప్పు, మనవరాలు ఫోనులో పెడుతుందట" అన్నారు.

పాడమన్నాను. కాస్త బిడియపడి గొంతు సవరించుకుని పాడారు. శ్రుతి ఎటో ఉంది, తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. విన్నాను. మళ్లీ పాడమన్నాను. మొదలుపెట్టింది మొదటి పాట, ముగించింది రెండో పాట. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"దానికి పేరు లేదండీ" అన్నాను.

"పేరు లేని పాట ఉంటుందా ఎక్కడైనా?"

"అది ఒక పాట కాదు. మొదటి పాట చివరి నిమిషంలో పెట్టుకుని, ముట్టుకోకుండా రెండో దానిలోకి రానివ్వాలి. విడివిడిగా పెడితే రాదు."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత కుర్చీ జరిపిన శబ్దం.

"ఉండు, కాగితం తెచ్చుకుంటాను. మొదటి పాట చివర అన్నావా?"